జమీందారు డబ్బుతో జమీందారు మీద సినిమా

మా మనవడు హైదరాబాదులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తూ, పండుగకు బెజవాడ వచ్చినప్పుడల్లా నాకొక పరీక్ష పెట్టిపోతూంటాడు. ఈ సంక్రాంతికి పెట్టిన పరీక్ష సినిమాలది. రాత్రి భోజనాలయ్యాక తన ఫోను నా ముందు నిలబెట్టి, "తాతయ్యా, ఇది చూడు. జాన్ ఫోర్డ్ అని అమెరికా దర్శకుడు. 1940లో తీశాడు" అన్నాడు. 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' అని సినిమా. అప్పుల్లో భూమి పోగొట్టుకున్న ఒక రైతు కుటుంబం, సామానంతా ఒక డొక్కు లారీ మీద వేసుకుని, ఓక్లహామా నుంచి కాలిఫోర్నియాకు పళ్ళు కోసే కూలికి పోవడం కథ. చూస్తున్నంతసేపూ నాకు మన కృష్ణా డెల్టాయే కళ్ళలో మెదిలింది. లారీ బదులు ఎద్దుబండి ఉంటే సరిపోయేది.

అయిపోయాక మావాడు దుప్పటి కప్పుకుంటూ, "మనవాళ్ళల్లో ఇలాంటివాడు ఒక్కడూ లేడు కదా. అప్పుడు మనకన్నీ కృష్ణుడూ నారదుడూ సినిమాలే" అన్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. మావాడు అన్నది తప్పనే కాదు, వాడికి ఆ సంగతి చెప్పనివాణ్ణి నేనే కదా అని కూడా. మర్నాడు కాఫీ దగ్గర మొదలుపెట్టాను. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కాకపోతే వాడు మధ్యలో రెండుసార్లు ఆవులించాడు. పాఠకులకు ఆ స్వేచ్ఛ ఎలాగూ ఉంది.

ఆయన పేరు గూడవల్లి రామబ్రహ్మం. 1902లో మన కృష్ణా జిల్లా నందమూరులో పుట్టారు. నందమూరు అనగానే మావాడు "ఎన్టీ రామారావు ఊరా?" అన్నాడు. కాదురా, రామారావుగారి ఊరు నిమ్మకూరు, నందమూరి అన్నది వారి ఇంటిపేరు. రామబ్రహ్మంగారు మొదట సినిమా మనిషే కాదు, పత్రికల మనిషి. మద్రాసులో 'ప్రజామిత్ర' నడిపారు. సినిమాల్లోకి వచ్చింది కూడా, పత్రికలో రాస్తే చదువుకున్నవాడే చదువుతాడు, తెర మీద చూపిస్తే సంతకం రానివాడు కూడా చూస్తాడన్న లెక్కతోనే అని నా నమ్మకం. ఆయన తీసిన మొదటి రెండు బొమ్మలూ చూసినవారెవరైనా ఆ మాటే అంటారు.

ఆ మొదటి బొమ్మ 1938 సెప్టెంబరులో వచ్చింది. పేరు 'మాలపిల్ల'.

ఈ రోజున ఆ పేరు చదివితే మనకేమీ అనిపించదు. ఆ కాలపు సంసారుల ఇళ్ళల్లో ఆ మాట నలుగురిలో పైకి అనేవారు కాదు, అన్నా తిట్టుగానే అనేవారు. అలాంటి మాటను గోడల మీద అంతంత అక్షరాలతో అంటించి, దానికింద కాంచనమాల బొమ్మ వేశారు. కాంచనమాల అంటే చెప్పొద్దూ, ఆ తరానికి అందమంటే ఆవిడే. ఆవిడ బొమ్మ ఉన్న క్యాలెండరు, తారీఖులు చిరిగిపోయినా, మా అమ్మమ్మగారింట్లో గోడకు చాలా ఏళ్ళు ఉండేది.

కథ చలంగారిది. ఆ చలమే, మన ఇళ్ళల్లో పరుపుల కింద పెట్టుకుని చదివిన 'మైదానం' చలం. అరుణాచలం వెళ్ళిపోక పూర్వం ఆయన కాపురం బెజవాడలోనే. మాటలు తాపీ ధర్మారావుగారు రాశారు. అవి మనుషులు మాట్లాడుకునే మాటలు. అంతకు ముందు తెరమీద ఏ పాత్ర నోరు తెరిచినా పద్యమో, గ్రాంథికమో వచ్చేది. పాటల్లో కొన్ని బసవరాజు అప్పారావుగారివి. మా పటమటలో పుట్టి 1933లోనే పోయిన కవి ఆయన. తన పాటలు ఊరూరా మారుమోగడం వినలేకపోయారు పాపం.

కల్యాణపురం అని ఒక ఊరు. ఊరి చెరువు నీళ్ళు హరిజనులు ముట్టకూడదని అక్కడి ధర్మకర్త సుందరరామశాస్త్రిగారి శాసనం. ఆ శాస్త్రిగారి కొడుకే మాలపల్లెలోని శంపాలతను ప్రేమిస్తాడు. శాస్త్రిగారి వేషం తెనాలి డాక్టరు గోవిందరాజుల సుబ్బారావుగారు వేశారు. 1955 'కన్యాశుల్కం'లో లుబ్ధావధాన్లుగా చూశాం కదా, ఆయనే. ప్రేమించుకున్న పిల్లలు కలకత్తా పారిపోతారు. చివరికి శాస్త్రిగారి ఇల్లాలు మంటల్లో చిక్కుకుంటే హరిజనుడొకడు రక్షిస్తాడు, శాస్త్రిగారి మనసు మారుతుంది, పెళ్ళికి దీవెనలు దొరుకుతాయి.

ఇందులో నాకు బాగా నచ్చేదొకటి, అంతగా నచ్చనిదొకటి ఉన్నాయి. బొంబాయిలో 1936లో ఇలాంటి కథతోనే 'అఛూత్ కన్య' వచ్చింది, అశోక్ కుమారూ దేవికారాణీను. అందులో చివరకు ఆ పిల్లను రైలు కింద చంపేశారు. పిల్ల చచ్చిపోతే చూసేవాళ్ళు కళ్ళు తుడుచుకుని హాయిగా ఇంటికి పోవచ్చు, ఎవరి ఇంట్లోనూ ఏమీ మార్చుకోనక్కరలేదు. రామబ్రహ్మంగారు చంపలేదు, పెళ్ళి చేసి కోడలిగా ఇంట్లోకి తెచ్చారు. ఆ ధైర్యం నాకు ఇష్టం. నచ్చనిదల్లా ఆ మంట. హరిజనుడు ప్రాణాలకు తెగించి ఒకరిని కాపాడితేగాని అతనికి చెరువు నీళ్ళు దక్కవా? ఏ ఉపకారమూ చేయకుండా ఊరికే దాహం వేసినవాడి మాటేమిటి? 1938లో ఈ ప్రశ్న వేయడం నావంటివాడికి తోచేది కాదని ఒప్పుకుంటాను. ఇప్పుడు కూర్చుని అడగడం తేలికే.

బయట కాలం ఎలా ఉందో కూడా చూడాలి. గాంధీగారు హరిజన యాత్రలో 1933 చివర బెజవాడ వచ్చి వెళ్ళారు. తిరువాన్కూరులో 1936లో గుళ్ళు తెరిచారు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి చట్టం 1939లో గాని రాలేదు. అంటే 'మాలపిల్ల' చట్టం కంటే ముందు వచ్చిందన్నమాట. ఛాందస బ్రాహ్మణులు వచ్చి ఉచితంగా చూడవచ్చునని రామబ్రహ్మంగారు కరపత్రాలు పంచారట. పేచీ పెట్టేవాణ్ణి టిక్కెట్టు లేకుండా పిలిచి కూర్చోబెట్టడం పత్రికలవాడి బుద్ధి కాక మరేమిటి!

మా అమ్మమ్మ ఆ సినిమా చూసింది. అప్పటికి ఆవిడకు ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. బందరు కాలువ గట్టున చిన్న పల్లె వాళ్ళది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి పడవ ఎక్కి బెజవాడ వచ్చి చూసి, మర్నాడు పడవలో తిరిగి వెళ్ళింది. సినిమా అన్నది బెజవాడకు అప్పటికే పాత చుట్టం. పోతిన శ్రీనివాసరావుగారు మారుతీ సినిమా హాలు 1921లోనే పెట్టారు కదా. కాని ఈ సినిమా వేరు. ఇంటి గుమ్మం ముందు అమ్మమ్మను అత్తగారు ఆపేసింది. నూతి దగ్గర నెత్తిన నాలుగు చేదలు పోసుకుని, తడిబట్టతో లోపలికి రమ్మంది. చూసినది తెర మీది బొమ్మ, అంటుకున్నది మాత్రం నిజం మైల!

చిన్నప్పుడు నేను ఆవిణ్ణి ఒకసారి అడిగాను. "అమ్మమ్మా, ఆ సినిమా చూశాక నీలో ఏం మారింది?" అని. పుస్తకాల్లో చదివినట్లు ఏదో గొప్ప సమాధానం వస్తుందనుకున్నాను. ఆవిడ చింతపండు పిక్కలు తీస్తూ, "ఏం మారుతుందిరా. మన పాలేరుకు దోసిట్లో నీళ్ళు పోసేదాన్ని కదా, అంతెత్తునుంచి పోసేదాన్ని, చెంబు వాడికి తగలకుండా. ఆ తర్వాత కొంచెం కిందనుంచి పోశాను. మీ తాతయ్య చూడనప్పుడు" అంది. అంతకంటే ఒక్కమాట ఎక్కువ చెప్పలేదు. ఎన్ని అంగుళాలు దిగిందో ఆ చెంబు! రామబ్రహ్మంగారి విజయాన్ని నేను ఎప్పుడూ ఆ అంగుళాలతోనే కొలుస్తూంటాను.

ఇక అసలు విడ్డూరానికి వస్తున్నాను. ఈ బొమ్మ తీసిన సారథి ఫిల్మ్స్ వెనుక ఉన్న డబ్బు ఎవరిదనుకున్నారు? చల్లపల్లి రాజావారు యార్లగడ్డ శివరామప్రసాద్ గారిది. కృష్ణా జిల్లాలో పెద్ద జమీందారు. 'మాలపిల్ల' బాగా ఆడింది. ఆడిన బొమ్మ వెనుక మరో బొమ్మకు డబ్బు దొరకడం సహజమే. ఆ డబ్బుతో రామబ్రహ్మంగారు ఏం తీశారయ్యా అంటే, జమీందారీల మీదనే తీశారు. 1939 ఆగస్టులో వచ్చిన 'రైతుబిడ్డ' అదే.

ఇక్కడ మా మనవడు ఆవులింత మానేసి నిటారుగా కూర్చున్నాడు. "మరి ఆ రాజా ఊరుకున్నాడా?" అన్నాడు. ఊరుకోవడమేమిటి, ఆయన కంపెనీ పేరే తెర మీద పడింది. ఆయన ఉద్దేశాలు నేను తూకం వేయలేను. జమీందార్లందరూ ఒక్క తాటిమీద ఉండేవారు కాదన్నది మాత్రం ఆ కాలపు రాజకీయాలు చూస్తే తెలుస్తుంది. ఏమైనా, తన్నే తిట్టే నాటకానికి తానే దీపాలు పెట్టించిన ఘనత ఆయనకు దక్కాలి. వంటింట్లోంచి మా ఆవిడ, "పెళ్ళివారి ఖర్చుతో పెళ్ళివారినే ఎగతాళి చేసే బావమరుదులు లేరూ, అలాగే" అంది. నాకు ఇద్దరు బావమరుదులు. నేను మాట మార్చాను.

'రైతుబిడ్డ' కథ గట్టిది. నరసిరెడ్డి అని చిన్న రైతు. ఎన్నికలొస్తాయి. జమీందారు నిలబెట్టిన మనిషికి కాక, రైతుల తరఫు మనిషికి ఓటు వేస్తాడు. అంతే, షావుకారు అప్పు ఒకవైపు, జమీందారు మనుషుల దౌర్జన్యం ఒకవైపు. నరసిరెడ్డి వేషానికి రామబ్రహ్మంగారు బళ్ళారి రాఘవగారిని తెచ్చారు. రంగస్థలం మీద దుర్యోధనుడిగా గర్జించిన మనిషికి నెత్తిన తలగుడ్డ చుట్టి, శిస్తు కట్టలేని రైతుగా నిలబెట్టారు. మాటలకు త్రిపురనేని గోపీచంద్ గారు సినిమాల్లోకి అడుగుపెట్టింది ఇక్కడే. అప్పికట్ల కొసరాజు రాఘవయ్యగారి జానపదపు గొంతు తెరకు అలవాటైందీ ఇక్కడే. కూచిపూడి వేదాంతం రాఘవయ్యగారు నాట్యంతో వచ్చారు. 'దేవదాసు' తీసిన దర్శకుడు ఆయనే అవుతాడని 1939లో ఎవరూ ఊహించి ఉండరు. టంగుటూరి సూర్యకుమారి అప్పటికి చిన్నపిల్ల. ప్రకాశం పంతులుగారి తమ్ముడి కూతురు. ఆ పంతులుగారే అప్పుడు రెవిన్యూ మంత్రి, జమీందారీ రైతుల గోడు విచారించే సంఘానికి అధ్యక్షులూను. పెదనాన్నగారు నివేదిక రాస్తే, అమ్మాయి తెరమీద పాడింది.

ఆ రోజుల్లో ఓటు అందరికీ లేదు. పన్నో, ఆస్తో, చదువో ఉన్నవాడికే ఓటు. కనుక ఓటున్న రైతు అంటే జమీందారు కంటికి ముల్లు. 1937 ఎన్నికల్లో, అంతకు ముందు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజావారే తమ సొంత బొబ్బిలిలో వి.వి. గిరిగారి చేతిలో ఓడిపోయారు. ఆ ఏడే ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన బయలుదేరారు. అలాంటి పచ్చి పుండు మీద మూడేళ్ళు తిరక్కుండా, రైతు తన ఓటు తాను వేసుకునే సినిమా వస్తే ఊరుకుంటారా? బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాలనుంచి నోటీసులు వచ్చాయి. నెల్లూరు, మద్రాసు ప్రాంతాల్లో బొమ్మ ఆడకుండా నిషేధం పడింది. పత్రికల్లో పొగడ్తలు వచ్చాయి గాని పెట్టుబడి రాలేదు.

మా మనవడి జాన్ ఫోర్డు సంగతి ఇక్కడ కలుస్తుంది. ఆయన సినిమాకు ఆధారమైన స్టైన్‌బెక్ నవలను కాలిఫోర్నియాలోని కెర్న్ కౌంటీ అధికారులు తమ గ్రంథాలయాల్లోనుంచి తీసివేయించారు. ఎప్పుడనుకున్నారు? 1939 ఆగస్టులో! అక్కడ తోటల యజమానులకూ, ఇక్కడ జమీందార్లకూ ఒకే నెలలో ఒకే జ్వరం వచ్చింది. తేడా ఏమిటంటే, ఫోర్డుకు ఆ సినిమాకు ఆస్కారు బహుమతి ఇచ్చారు. ఆయన ఆ తర్వాత పాతికేళ్ళు దర్జాగా సినిమాలు తీసుకున్నాడు. రామబ్రహ్మంగారికి ఆ తర్వాత మిగిలిన ఆయుష్షే ఏడేళ్ళు.

'రైతుబిడ్డ'ను మా తాతయ్య చూడలేదు. బెజవాడ వెళ్ళే పని పడ్డా హాలు వైపు పోలేదట. ఆయన సాగు చేసే భూమిలో సగం ఒక ఎస్టేటుది. ఏ ఎస్టేటో ఇప్పుడెందుకు, అది పోయి చాలా కాలమైంది. సినిమాకు వెళ్ళినవాళ్ళ పేర్లు కచేరీ గుమాస్తాకు చేరతాయని పల్లెలో పుకారు. అప్పటికి మా తాతయ్యకు రెండేళ్ళ శిస్తు బకాయి. పేర్లు నిజంగా చేరాయో లేదో దేవుడికెరుక. భయానికి రుజువు కావాలా? నాలుగణాల టిక్కెట్టు కొనడానికి ఒక రైతు నాలుగు దిక్కులూ చూసుకోవలసి వచ్చిందంటే, ఆ బొమ్మ ఎక్కడ తగలాలో అక్కడే తగిలిందన్నమాట.

ఆ తర్వాత సంగతులు గబగబా చెప్పేస్తాను. 'ఇల్లాలు' 1940లో వచ్చింది. అందులో సాలూరి రాజేశ్వరరావు, బాలసరస్వతుల పాటలు ఇప్పటికీ బాగుంటాయి. 'అపవాదు', 'పత్ని', 'పంతులమ్మ' వరసగా వచ్చాయి. 'పత్ని' కన్నగి కథ. యుద్ధం వచ్చింది, ఫిలిము ముడిసరుకు కరువైంది, సినిమా పొడుగు పదకొండు వేల అడుగులు మించరాదని సర్కారు కొలతబద్ద పెట్టింది. 1945లో ఆయన 'మాయాలోకం' తీశారు. కాంభోజరాజు కథ, అక్కినేని నాగేశ్వరరావు ఉన్నారు. 'మాలపిల్ల' తీసినవాడు మాయలూ మంత్రాలూ తీయడమేమిటని పెదవి విరిచినవాళ్ళను నేనెరుగుదును. నాకు ఆ పెదవి విరుపు నచ్చదు. నిషేధం దెబ్బ తిన్నవాడు మళ్ళీ కెమెరా ముట్టుకోవాలంటే నాలుగు డబ్బులొచ్చే బొమ్మ ఒకటి కావాలి. ఎస్టేటుకు భయపడి సినిమాకు వెళ్ళని తాతయ్యకు మనవణ్ణి నేను. ఇంకొకరి ధైర్యం చాలలేదని ఏ ముఖం పెట్టుకుని అంటాను?

పైగా ఆయన ఊరుకోలేదు. చివరగా మొదలుపెట్టింది 'పల్నాటి యుద్ధం'. నాగమ్మగా కన్నాంబ, బ్రహ్మనాయుడుగా మళ్ళీ మన గోవిందరాజుల సుబ్బారావుగారు. బ్రహ్మనాయుడంటే పౌరుషం ఒక్కటే కాదు సుమండీ, చాపకూడు. అన్ని కులాలవాళ్ళనూ ఒక్క చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టించిన మనిషి, మాలవాడైన కన్నమదాసును కొడుకులా చూసుకున్న మనిషి. 'మాలపిల్ల'లో చెరువు దగ్గర వదిలిన దారాన్ని ఆయన ఎనిమిదేళ్ళకు పల్నాటిలో అందుకున్నారని నాకు అనిపిస్తుంది. బొమ్మ పూర్తి కాకుండానే 1946 అక్టోబరు 1న పోయారు. నలభైనాలుగేళ్ళు. మిగతాది ఏలూరు పక్కనున్న సోమవరప్పాడు నుంచి వచ్చిన ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తిచేశారు. 1947లో విడుదలైంది. బళ్ళారి రాఘవగారు కూడా ఆ 1946లోనే పోయారు. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. దర్శకుడూ చూడలేదు, నరసిరెడ్డీ చూడలేదు.

"ఆ కంపెనీ ఏమైంది?" అన్నాడు మావాడు. అదీ చెప్పాను. 1955లో అదే సారథి పేరుమీద 'రోజులు మారాయి' వచ్చింది. దర్శకుడు తాపీ చాణక్య, 'మాలపిల్ల'కు మాటలు రాసిన ధర్మారావుగారి అబ్బాయి. ఏరువాక పాట రాసింది 'రైతుబిడ్డ' కొసరాజుగారు. కథ మళ్ళీ భూమిదే. రైతు కుర్రవాడు పెళ్ళాడేది ఊరు తక్కువ కులమనే పిల్లనే. ఈసారి నిషేధాలు లేవు, నోటీసులు లేవు. జనం విరగబడి చూశారు.

ఆ సినిమాకు మా తాతయ్య వెళ్ళారు. అప్పటికి ఆ భూమి పట్టా ఆయన పేర వచ్చేసింది. కొత్తబట్టలు కట్టుకుని, బండి కట్టించి, అమ్మమ్మనూ, బండి తోలడానికి పాలేరునూ తీసుకుని బయలుదేరారట. ఏరువాక పాట వస్తుంటే పెద్దాయన మోకాలిమీద తాళం వేశారనీ, తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా శిస్తు బకాయిల రోజులు చెప్పుకొచ్చారనీ అమ్మమ్మ నవ్వుతూ చెప్పేది.

"మరి ఆ పాలేరు ఎక్కడ కూర్చున్నాడు తాతయ్యా?" అన్నాడు మా మనవడు.

అది నేను అమ్మమ్మను అడిగాను. ఆవిడ చింతపండు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.